తుడవని గాజు గొట్టం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పటమట నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, మీ మాస్టారు వెళ్లిపోయారమ్మా" అన్నారు పిన్నిగారు, ఆయన భార్య. కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆయన గురించి నలుగురికీ చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఆయన ఉండగా చెప్పలేదు, సిగ్గులేనిదాన్ని.

మాస్టారు నాకు పీహెచ్‌డీ గైడు. కాలేజీ వెనక పాత షెడ్డులో ప్లాస్మా ఫోకస్ యంత్రం కట్టారు. ఉక్కు ఛాంబరులో డ్యుటీరియం వాయువు నింపి, కెపాసిటర్లలో పోగుచేసిన కరెంటును ఒక్కసారిగా వదిలితే, లోపలి రాగి కడ్డీ కొసన ఆ వాయువు భగ్గున వేడెక్కి, సూదిమొనంత చోట బిగుసుకుని న్యూట్రాన్లను వెదజల్లుతుంది. రెప్పపాటు కూడా పట్టదు. ఆ న్యూట్రాన్లను ఎలా పెంచాలన్నదే ఆయన జన్మంతా పడ్డ తపన. ఓ రోజు వాయువు పీడనం కాస్త మార్చేవారు, ఓ రోజు కడ్డీ కొసను సన్నగా చెక్కించేవారు. అలా కరెంటు వదలడాన్నే షాటు అంటాం; ప్రతి షాటుకు ముందూ "అందరూ బయటేనా?" అని కేకేసి మా తలలు లెక్కపెట్టుకునేవారు. న్యూట్రాన్లేమీ రాని షాటును కూడా నోటుబుక్కులో రాయించేవారు. "సున్నా కూడా రీడింగేనమ్మా, రాయి." ఒక్క అంకె దిద్దినా ఊరుకునేవారు కాదు.

ఒకసారి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందన్నారు. షెడ్డు ఉంచాలా, ఎత్తేయాలా తేల్చేది వాళ్లే. ముందురోజు సాయంత్రం నేను ఛాంబరు విప్పాను. కడ్డీ మొదలును చుట్టి ఉండే గాజు గొట్టం గోధుమరంగు మరకలతో అసహ్యంగా కనిపించింది. పెద్దవాళ్లు తొంగి చూస్తే పరువు పోతుందని, తళతళలాడేదాకా తోమి మళ్లీ బిగించాను. ఎంత మురిసిపోయానో! మర్నాడు కమిటీ ముందు నాలుగు షాట్లు కొట్టాం. నాలుగూ సున్నాలే.

మాస్టారు నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగారు, "గొట్టం తోమావా?" తలూపాను.

"ఏమైందండీ?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"పొరపాటు నాదేనండీ. గొట్టం శుభ్రం చేయమన్నది నేనే. మూడు వారాలు గడువివ్వండి" అన్నారు మాస్టారు.

ఒక్క అంకె దిద్దనివ్వని మనిషి నా కోసం అబద్ధమాడుతుంటే, నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను.

వాళ్లు వెళ్లాక ఏడ్చాను. మాస్టారిది చేనేత కుటుంబం. "పడుగుకి గంజి ఎందుకు పెడతారో తెలుసా? లేకపోతే మగ్గం మీద నూలు తెగిపోద్ది. ఆ మరకా అంతేనమ్మా. షాటు షాటుకీ రాగి లేచి గాజు మీద పల్చగా పడతది. అది ఉంటేనే కరెంటు చుట్టూ సమంగా అందుకుంటది. నువ్వు గంజంతా ఉతికేశావు. పద, మళ్లీ పెడదాం" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మూడు వారాలు షాటు వెనక షాటు కొట్టాం. మొదట్లో అన్నీ సున్నాలే, అన్నీ రాశాను. మెల్లగా గాజుకు రంగెక్కింది. న్యూట్రాన్లు వచ్చాయి, అంతకుముందు ఎప్పుడూ చూడనన్ని వచ్చాయి. షెడ్డు నిలిచింది. నాకు డాక్టరేటూ వచ్చింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. మాట మాత్రం ఆయన మీదే ఉండిపోయింది. "పాపం, పెద్దాయన కమిటీ ముందు గొట్టం తోమించుకున్నాడు" అని స్టాఫ్ రూములో ఇప్పటికీ నవ్వుతారు. తోమమని ఆయన చెప్పలేదండీ. తోమింది నేను.

పెద్దకర్మ రోజున పిన్నిగారు తువ్వాలులో చుట్టిన వస్తువొకటి నా చేతిలో పెట్టారు. అదే గొట్టం. రిటైరైన రోజున ఇంటికి తెచ్చుకున్నారట.

"ఎన్నిసార్లు కడగబోయానో తల్లీ. 'దాని జోలికెళ్లకు, దాని మీద అమ్మాయి కష్టం ఉంది' అని కసిరేవారు" అన్నారామె.

ఇప్పుడది షెడ్డు కిటికీలో, నా టేబులు పక్కన ఉంది. పొద్దుటి ఎండ పడితే రాగి మరక ఎర్రగా కనిపిస్తుంది. దాని మీద దుమ్ము పేరుకుంటోంది. తుడుద్దామని చీర కొంగు అందుకుంటాను, చెయ్యి అక్కడే ఆగిపోతుంది.