పుస్తకం డాలర్ ముట్టుకోకు

జావా నేర్చుకోడానికి చేరుతున్నానని చెప్పిన రోజు మా అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "జావ కాచుకోడానికి లక్ష్మీ నగర్ దాకా ఎందుకే? రాగిపిండి మనింట్లోనే ఉంది కదా?" జోకు వేసిందో, నిజంగానే అడిగిందో నాకు ఈ రోజుకీ తెలీదు. నాన్న మాత్రం పేపరు మడిచి, "అది కంప్యూటర్ భాషట. బీయస్సీ పాసయ్యి ఇంట్లో కూర్చునే కంటే నయం" అని ఫారం మీద సంతకం పెట్టేశారు.

తొంభైల చివరి సంగతి ఇది. నాన్న ఆర్మీలో సుబేదారు. విజయనగరం నుంచి బయల్దేరి దేశమంతా తిరిగి, ఆఖరికి ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో దిగాం. అక్కణ్ణించి ధౌలా కువాన్ దాకా ఒక బస్సు, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని యమున దాటితే లక్ష్మీ నగర్. మెయిన్ రోడ్డు మీద మిఠాయి కొట్టు, దాని పైన మా ఇన్‌స్టిట్యూట్. కంప్యూటర్లకి దుమ్ము పడుతుందని చెప్పులు మెట్ల దగ్గరే విప్పించేవారు. బయట మే నెల ఎండ, లోపల ఏసీ. చదువు మీద అంత శ్రద్ధ నాకు అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు.

ఇన్‌స్టిట్యూట్ నడిపేదీ, పాఠం చెప్పేదీ ఒక్కరే. సార్. నలభై దాటిన మనిషి, సాయంత్రమైనా ఇస్త్రీ నలగని చొక్కా. చెడ్డవారేం కాదు. కాకపోతే ఆయనకి రెండు అలవాట్లుండేవి. తనకి రాని పాఠం వస్తే "యే ఎగ్జామ్ మే నహీ ఆతా", ఇది పరీక్షలో రాదు, అని పేజీలు చకచకా తిప్పేసేవారు. రెండోది వైరస్ భయం. మేం తెచ్చిన ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకెత్తి చూసేవారు, వైరస్ అంటే చీమలా పాకుతూ కనిపిస్తుందన్నట్టు. ఫైలు పేరులో గీతో, వంకర గుర్తో ఏదున్నా సరే, ఇక దానికి నూకలు చెల్లినట్టే. చెరిపేసేవారు. అదీ మామూలుగా కాదు, మళ్ళీ వెతుక్కున్నా దొరక్కుండా డిలీట్‌తో షిఫ్ట్ కూడా కలిపి నొక్కేవారు.

నా పక్క సీటు పిల్లది కరీంనగర్. సివిల్స్ రాస్తానని ఢిల్లీ వచ్చి, పక్క గల్లీలో ఒక పంజాబీ ఆంటీ ఇంట్లో పేయింగ్ గెస్టుగా ఉండేది. హిస్టరీ చదివి చదివి బుర్ర వేడెక్కుతోందని మధ్యాహ్నాలు ఈ కోర్సులో చేరింది. మొదటి వారంలోనే మాకు స్నేహం కుదిరింది, ఎందుకంటే ఆ గదిలో తెలుగు తెలిసిన వాళ్ళం మేమిద్దరమే. సార్ ఎదురుగా నిలబడి సార్ చొక్కా గురించే మాట్లాడుకోగలగడం ఎంత సుఖమో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

ఒకరోజు సార్ ఒక అధ్యాయం మొత్తాన్ని దాటేశారు. జావాలో క్లాసంటే ఒక వస్తువు వివరాలూ, అది చేసే పనులూ కలిపి కట్టిన మూట; అలాంటి ఒక క్లాసు లోపల ఇంకో క్లాసు రాయడం గురించి ఆ అధ్యాయం. జెరాక్సు పుస్తకంలో ఇరవై పేజీలు! ఎగ్జామ్‌లో రాదన్నారు. రాదన్నారు కాబట్టే మేం ఆ సాయంత్రం కూర్చుని చదివాం.

నాకు మొదట్లో ఎక్కలేదు. "క్లాసు లోపల క్లాసు ఎందుకే? పక్కన రాసుకోవచ్చు కదా?" అన్నాను.

"మా ఆంటీ ఇంట్ల నా రూమ్ లెక్కనే" అంది. "రోడ్డు మీద పోయేటోళ్ళకు నా రూమ్ ఉన్నదనే తెల్వది. కానీ లోపలున్న నాకు ఆంటీ ఫ్రిజ్‌ల ఏమున్నదో మొత్తం తెలుసు. ఆంటీ లేకుంట ఆ రూమ్ లేదు. గంతే."

"ఫ్రిజ్‌లోవి తింటావా?"

"బయటి క్లాసుల ప్రైవేట్‌వి అయినా లోపలి క్లాసుకు పర్మిషన్ ఉంటది. పుస్తకంలనే రాసిండ్రు" అంది, ఏ మాత్రం నవ్వకుండా.

కోర్సు చివర ప్రాజెక్టు చెయ్యాలి. మా తెలుగువాళ్ళ సంఘానికి ఒక్క గదిలో చిన్న లైబ్రరీ ఉండేది. దాన్ని చూసుకునే అంకుల్ రిటైరయ్యే దాకా ఏదో ప్రెస్సులో ప్రూఫులు దిద్దినాయన. కంటి ముందుకి అక్షరం వస్తే చాలు, పైకి చదవందే వదిలేవారు కాదు. బస్సు నంబర్లు, మందు సీసాల మీది కాగితాలు, చివరికి ఎదుటివాళ్ళ చేతిసంచి మీద రాసింది కూడా. ఆయన లైబ్రరీ కోసం ప్రోగ్రామ్ రాద్దామనుకున్నాం. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు తిరిగి రావాలో చూపించాలి. పుస్తకానికి ఒక క్లాసు రాశాం. పుస్తకం లేనిదే, అది ఎవరికిచ్చామో రాసుకునే చీటీ ఉండదు కనక, దాని కడుపులో చీటీ అని ఇంకో క్లాసు పెట్టాం. పేర్లు తెలుగువే, ఇంగ్లీషు అక్షరాల్లో. దాన్ని కంపైల్ చేస్తే, అంటే మేం రాసింది కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మారిస్తే, లోపలి క్లాసుకి వేరే ఫైలు ఒకటి తయారయ్యేది. దాని పేరు భలే ఉండేది. ముందు బయటి క్లాసు పేరు, తర్వాత డాలర్ గుర్తు, ఆ తర్వాత లోపలి క్లాసు పేరు. పుస్తకం డాలర్ చీటీ.

ప్రోగ్రామ్ బాగా వచ్చింది. మరీ బాగా వచ్చింది, అదే తప్పయిపోయింది. పెద్దలందరినీ పిలిచి చూపించే డెమో రోజుకి వారం ముందు సార్ మా వెనక నిలబడి చూసి, "వాహ్" అన్నారు. తర్వాత కొంచెం దగ్గి, "చూడండి, బయటివాళ్ళ ముందు ఆడపిల్లలు కంగారు పడతారు. నేనే చూపిస్తాను. మొదటి స్క్రీన్ మీద మీ పేర్లు తీసేసి నాది పెట్టండి. గురువు పేరుంటే బరువుగా ఉంటుంది" అన్నారు హిందీలో.

మేం పేర్లు మార్చాం.  

మెట్లు దిగుతూ కరీంనగర్ పిల్ల అడిగింది. "డాలర్ గుర్తున్న ఫైలు చూస్తే సార్ ఏం జేస్తడు?"

"చెరిపేస్తారు."

"మనం చెరపమని చెప్తున్నమా?"

"లేదు."

"చెరపొద్దని చెప్దాం మరి. మర్యాదగ, తెలుగుల."

ఆ మరుసటి రోజు చీటీ క్లాసుని మూడు ముక్కలు చేశాం. పుస్తకం ఇచ్చే పని ఒకదానికి, తిరిగి తీసుకునే పని ఇంకోదానికి, గడువు దాటిందా అని చూసే పని మూడోదానికి. మూడింటినీ పుస్తకం క్లాసు లోపలే పెట్టాం. పేర్లు మాత్రం ఎంతో ఆలోచించి పెట్టాం. మొదటిది ముట్టుకోకు. రెండోది చెరపకు. మూడోదాని దగ్గర కాసేపు వాదించుకుని, చివరికి వద్దంటే వినవా అని ఖాయం చేశాం. ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఎలా హెచ్చరిస్తారు చెప్పండి?

డెమో రోజు పొద్దున్నే సార్ ఆ ఫోల్డర్‌ని పెద్ద మానిటర్ ఉన్న కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో ఫైలూ తనిఖీ చేశారు. మేం వెనక నిలబడ్డాం. ఆయన వేలు తెర మీద ఆగింది.

"యే డాలర్ వాలే క్యా హై? వైరస్?"

 నా పక్కనున్నది చేతులు కట్టుకుని, "సర్, నామ్ మే హీ లిఖా హై" అంది. పేరులోనే రాసుందట.

సార్ ఆ పేర్లు చదవబోయి, నోరు తిరగక వదిలేశారు. మూడింటినీ పట్టుకుని, షిఫ్ట్ కలిపి, ఠక్కున నొక్కారు. "సఫాయీ జరూరీ హై", శుభ్రం ముఖ్యం, అని మా వైపు గర్వంగా చూశారు. చెప్పడానికి అప్పటికీ నాకు టైముంది. చెప్పలేదు.

పదకొండింటికి గది నిండిపోయింది. చెప్పులు విప్పిన పెద్దలంతా ఏసీ చల్లదనానికి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. నాన్న సెలవు పెట్టి మరీ వచ్చారు. లైబ్రరీ అంకుల్ తన ప్రోగ్రామ్ కదా అని ముందు వరసలో కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నారు. మేం ఊహించంది ఒకటే. సార్ తన భార్యనీ, ఏడెనిమిదేళ్ళ కూతురినీ కూడా తీసుకొచ్చారు. ఆ పిల్ల తలకి కొత్త రిబ్బన్లు.

ప్రోగ్రామ్ తెరుచుకుంది. సార్ పేరు పెద్దక్షరాల్లో వచ్చింది. చప్పట్లు. సార్ గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఒక పుస్తకం ఇద్దాం" అని మొదటి బటన్ నొక్కారు.

ఏం జరగలేదు. తెర మీదే వెనకగా తెరిచి ఉన్న నల్ల కిటికీలో మాత్రం తెల్లటి అక్షరాలు పడ్డాయి. ఫలానా క్లాసు దొరకలేదని కంప్యూటర్ చేసుకున్న ఫిర్యాదు అది. సార్ రెండో బటన్ నొక్కారు. ఇంకో ఫిర్యాదు. మూడోది నొక్కారు. మళ్ళీ అదే. "వైరస్ పట్టినట్టుంది" అన్నారు.

అంకుల్ కళ్ళజోడు సర్దుకుని లేచారు. ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చదవడం మొదలెట్టారు. "పుస్తకం... డాలర్... ము... ట్టు... కోకు." ఆగారు. కింది వరసకి దిగారు. "పుస్తకం డాలర్ చెరపకు." ఇంకా కిందికి. "పుస్తకం డాలర్ వద్దంటే... వినవా!"

ఆయన వెనక్కి తిరిగి గది మొత్తాన్నీ చూశారు. రిటైరయ్యాక అంత ఆనందం ఆయనకి ఎప్పుడూ దొరికుండదు. "అరే భాయ్, ఇదేం వైరసూ కాదు, గీరసూ కాదు! సాఫ్ సాఫ్ లిఖా హై, మత్ ఛూనా, మత్ మిటానా, మనా కియా తో సున్‌తే క్యోం నహీ!"

గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది సార్ కూతురు. ఎవర్ని చూసి నవ్వుతున్నారో తెలీక, అందరూ నవ్వుతున్నారు కదా అని చప్పట్లు కొట్టి మరీ నవ్వింది. సార్ భార్య తల వంచుకుంది. సార్ చెవులు ఎర్రబడ్డాయి. అంతవరకూ పొట్ట పట్టుకుని నవ్వుతున్న నాకు ఆ చెవులు చూశాక నవ్వు ఆగిపోయింది.

మేం దాచిన ఫైళ్ళేమీ లేవు, అక్కర్లేదు కూడా. రాసిన ప్రోగ్రామ్ అక్కడే ఉంది, మళ్ళీ కంపైల్ చేస్తే మూడు ఫైళ్ళూ పుట్టుకొస్తాయి. మా కరీంనగర్ పిల్ల ముందుకెళ్ళి, "ఏక్ మినట్ సర్" అని ఒక్క లైను కొట్టింది. ముట్టుకోకు, చెరపకు, వద్దంటే వినవా, ముగ్గురూ ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నారు. అంకుల్ పేరు మీద ఒక పుస్తకం ఇచ్చాం, తిరిగి తీసుకున్నాం. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి గానీ నాకు అవి చెవికెక్కలేదు.

అందరూ వెళ్ళాక సార్ మమ్మల్ని కేబిన్‌లోకి పిలిచారు.  "నేను చెరిపేస్తానని మీకు ముందే తెలుసా?" అన్నారు.

"లేదు సర్" అన్నాను నేను.

"తెలుసు సర్" అంది అది.

ఇద్దరం ఒకేసారి అన్నాం. సార్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఆ పేర్లకి అర్థం నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సర్. మా పేర్లు తీసేటప్పుడు కూడా మమ్మల్ని అడగలేదు" అంది హిందీలో, చాలా మెల్లగా. అంత మెల్లగా అది మాట్లాడగా నేను మళ్ళీ వినలేదు.

సార్ టేబుల్ మీది పెన్ను మూత తీశారు, పెట్టారు. క్షమాపణ అడగలేదు, మమ్మల్ని తిట్టనూ లేదు. "ఠీక్ హై. జావో" అన్నారు. స్క్రీన్ మీద ఆయన పేరే ఉండిపోయింది. లైబ్రరీలో కూడా చాలాకాలం అలాగే నడిచింది. అంకుల్ మాత్రం లోపలి పేర్లు మార్చడానికి వీల్లేదని పట్టుబట్టారు. ప్రూఫ్‌లో ఒక్క తప్పూ లేదట.

 తిరుగు బస్సు యమున దాటాక నాన్న అడిగారు. "కావాలనే చేశారా?"

"ఊఁ."

"మా యూనిట్‌లో అయితే పది రోజులు గార్డు డ్యూటీ పడేది." కిటికీ వైపు తిరిగిపోయారు. సుబేదారు గారికి కోపమొచ్చిందని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. కాసేపటికి, ఇటు తిరక్కుండానే, "మూడోదేంటమ్మా? వద్దంటే వినవా?" అన్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

నాకు మాత్రం ఆ రిబ్బన్ల పిల్ల చప్పట్లు చాలా రోజులు వినిపించాయి. పేరు కొట్టేసినందుకు సార్‌కి బుద్ధి చెప్పాలనే ఇప్పటికీ అంటాను. కూతురి ముందు చెప్పాల్సింది కాదు.

రెండు వారాల తర్వాత కొత్త బ్యాచ్ మొదలైంది. సార్ మమ్మల్ని పిలిచి, దాటేసిన ఆ ఇరవై పేజీల జెరాక్సు చేతిలో పెట్టి, "ఇది మీరిద్దరూ చెప్పండి" అన్నారు. సివిల్స్ పిల్లకి ఆ రోజు ఏదో టెస్టుంది. నేనొక్కదాన్నే బోర్డు ముందు నిలబడ్డాను.  ఆఖరి బెంచీలో సార్ కూర్చుని ఉన్నారు, ఒళ్ళో కొత్త నోటుబుక్కు. పాఠం సగంలో చెయ్యెత్తారు.

"మేడమ్" అన్నారు. ఆయన నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. "లోపలి క్లాసుకి ముందు స్టాటిక్ అని రాస్తే, అప్పుడు కూడా బయటి క్లాసువన్నీ దానికి కనిపిస్తాయా?"

నాకు తెలీదు. తెలీదనే చెప్పాను. ఆయన లేచి వచ్చి నా పక్కనున్న కంప్యూటర్ ముందుకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇద్దరం రాసి నడిపించాం. ఎర్రర్ వచ్చింది, అన్నీ కనిపించవన్నమాట. సార్ వంగి, ఆ ఎర్రర్‌ని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు.