ఓడిన రాజుకు ఒక మెట్టు

పళ్ళ డాక్టరుగారు పెట్టిన ఏ నియమమూ వారం దాటి బతికి బట్టకట్టిన దాఖలా లేదు. వైద్యంలో కాదు లెండి, అక్కడ ఆయన చెయ్యి బంగారం. గొడవంతా ఆయన కనిపెడుతున్న ఆటతోనే.

ఆట చెప్పడానికి తేలికే. బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరికీ ఒక ఊహా రాజ్యం. పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ కోటలు కట్టాలి, పన్నులు వసూలు చేయాలి, రాక్షసుల్ని తరమాలి. అలా ఏలగా ఏలగా రాజుకి అనుభవం పెరిగి, మెట్టు మెట్టుగా పైకెక్కాలి. ఏ పనికి ఎంత అనుభవం ఇవ్వాలన్న దగ్గరే బండి ఆగిపోయింది.

రోగి కుర్చీలో వాలి నోరు తెరిస్తే చాలు, డాక్టరు "కాలవ తవ్వించిన రాజుకి ఎన్ని పాయింట్లివ్వమంటారు?" అనేవాడు.

"ఆఁ..."

"ఆరా? మరీ ధారాళం. నాలుగిద్దాం."

ఆదివారాలు మాత్రం బలయ్యేది బావమరిది. అతను ప్లీడరు. ఏడాది క్రితం నిండు కోర్టులో, వాదన మధ్యలో నాలుక పిడచకట్టుకుపోయి కేసు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కోర్టు గుమ్మం తొక్కలేదు. అక్కగారింటి మేడ మీద గదిలో దిగి, ఎవరడిగినా "ఒంట్లో బాగోలేదు" అనేవాడు. ఒళ్ళు గుండ్రాయిలా ఉండేది. బావ నియమాలు వింటే మాత్రం ఆ నోటికి పట్టపగ్గాలుండేవి కావు.

"ఈ వారం సవరణ," అని డాక్టరు గొంతు సవరించుకున్నాడొకసారి. "సేనాపతి యుద్ధం గెలిస్తే రాజుకీ ఒక మెట్టు."

"రాజు మంచం మీద దొర్లుతుంటే కత్తి తిప్పడం ఎలా వస్తుంది బావా? నీ కాంపౌండరు పన్ను పీకితే నీ చెయ్యి తిరుగుతుందా?"

"సరే, కొట్టేశాం. పన్నులు ఎక్కువ రాబట్టిన రాజుకి?"

"జనాన్ని పిండితే ఖజానా పెరుగుతుంది, బుద్ధి పెరగదు!"

"పోనీ, పెళ్ళాం మాట విన్న రాజుకి?"

"అదొక్కటీ ఉంచండి," అంది అక్క, తన వంతు పాచికలు వేస్తూ. అదీ నిలవలేదు. పక్కింటివాళ్ళు ఇదంతా విని, పాపం ఆస్తి పంపకాలు తెగడం లేదనుకునేవారు.

ఒక ఆదివారం డాక్టరు అన్నిటినీ మించిన సవరణ తెచ్చాడు.

"ఓడిన రాజుకి రెండింతల అనుభవం. దెబ్బ తిన్నవాడే కదా నేర్చుకునేది?"

ప్లీడరు బల్ల గుద్దాడు. "అలాగైతే అందరూ కావాలనే ఓడి, కోటలో ముసుగు తన్ని పడుకుంటారు!"

"మరేం చేద్దామంటావ్?"

"ఓటమి ఊరికే జమ కాకూడదు. వాడు మళ్ళీ బరిలోకి దిగాలి. దిగిన రోజునే ఆ అనుభవం లెక్కలోకి రావాలి, ఆ రోజు గెలిచినా ఓడినా సరే. దిగకపోతే..."

"ఊఁ, దిగకపోతే?"

ప్లీడరు చేతిలో పాచికలు బల్ల మీద పడేసి బావ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"బావా! ఈ తలతిక్క నియమాలన్నీ నాచేత వాదింపజేయడానికేనా?"

"నీకంత విలువెవరిచ్చారోయ్? ఆట కోసం," అన్నాడు డాక్టరు, తుడిచిన కళ్ళద్దాలే తుడుస్తూ.

"వట్టిది," అంది అక్క. "అసలు నియమాలు ఎప్పుడో కుదిరిపోయాయి. నువ్వు పట్టుకోగలిగే తప్పులు వెతకడానికే వారమంతా చస్తున్నారు."

ఆ వారమే ప్లీడరు ఒక దర్జీ కేసు పట్టాడు. దుకాణం ఖాళీ చేయమని యజమాని వేసిన దావా అది. కోర్టులో నిలబడగానే పాత భయం తిరగబెట్టింది. రెండు మాటలు మింగేసి, దిక్కుతోచక వెనక్కి చూశాడు. చివరి బెంచీలో బావ! ప్రతి మాటకీ అడ్డంగా తలూపుతున్నాడు. ప్లీడరుకి ఒళ్ళు మండింది. అంతే, నోరు గాడిలో పడింది.

"వెనకాల ఆ తలాడించే పెద్దమనిషి ఎవరు?" అన్నారు జడ్జిగారు.

"మా బావండీ. వారి అభ్యంతరం తమరు పట్టించుకోనక్కర్లేదు."

కేసు తేలేదాకా దర్జీని కదపకూడదని ఉత్తర్వు వచ్చింది. బయటికి వస్తూ ప్లీడరు మెచ్చుకోలు కోసం బావ మొహంలోకి చూశాడు. డాక్టరు మాత్రం దీర్ఘాలోచనలో ఉన్నాడు.

"ఏమోయ్, ఆ జడ్జిగారు పొద్దుట్నుంచీ ఇంతమంది వాదనలు విన్నారు కదా, ఆయనకి ఎన్ని పాయింట్లివ్వాలంటావ్?"

"ఒక్కటి కూడా ఇవ్వకూడదు బావా. ఎందుకో చెప్తాను, విను!" అంటూ ప్లీడరు మెట్లు దిగాడు.