నీళ్లలో బల్లి

డిగ్రీ అయిపోయి ఇంకా ఏదీ మొదలుకాని ఆ రోజుల్లో నాకు పగటికీ కలకీ పెద్ద తేడా ఉండేది కాదు. వికారాబాద్‌లో మా ఇంటి హాల్లో, అక్వేరియం ముందు గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంటే పొద్దు ఎటు పోయేదో తెలిసేది కాదు. నీళ్ల వెలుగు గోడ మీద మెల్లగా ఊగుతుంటే, నేను తాండూరు స్టేషన్లో రైలు దిగుతున్నట్టు, సైన్సు టీచరుగా క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నిలబడుతున్నట్టు ఊహించుకునేదాన్ని. (ఆ ఊహల్లో నా చీర ఎన్నడూ నలగలేదు.)

అక్వేరియం మా చిన్నాయన పట్నం నుంచి తెచ్చాడు. అందులో గప్పీలు, కొన్ని నత్తలు, మూడు లోచ్ చేపలు. లోచ్ అంటే నారింజ రంగు ఒంటి మీద మూడు నల్ల పట్టీలతో, మూతికి బుల్లి మీసాలతో, అడుగున ఇసుక వెతుక్కుంటూ తిరిగే చేప. కడుపు నిండితే పక్కకు ఒరిగి చచ్చినట్టు పడుకుంటుంది (మొదటిసారి చూసి ఏడ్చాను కూడా). నత్తలు రోజురోజుకూ తగ్గిపోతుంటే చిన్నాయన "సిగ్గుపడి దాసుకున్నయి" అనేవాడు. లోచ్‌లు నత్తల్ని తినేస్తున్నాయని ఆయనకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అన్నిటికంటే వింత వాటి చప్పుడు. మేత దొరికిన సంబరంలో 'టిక్ టిక్' అనేవి, అచ్చం బల్లి పలికినట్టే.

మా నాయనమ్మకు బల్లి పలుకంటే అంత నమ్మకం. "ఈయేడు కంది మంచిగొస్తది" అని నాన్న అనేవాడు, టిక్ మనేది, నాయనమ్మ వేళ్లతో నేల మీద మూడుసార్లు తట్టి "సత్యం" అనేది. ఆ పలికింది గోడ మీది బల్లి కాదనీ, నేను వేసిన మేత అందుకున్న లోచ్ అనీ ఇంట్లో నాకొక్కదానికే తెలుసని నా గర్వం.

అంతలో నిజంగానే తాండూరులో ఒక ప్రైవేటు బడి నుంచి పిలుపొచ్చింది. సోమవారమే చేరాలి. నాన్న ముఖం ముడుచుకున్నాడు. ఈ ఒక్కటి చేజారితే నేను ఆ అక్వేరియం ముందే ముసలిదాన్నవుతానని గట్టిగా అనిపించింది. నాయనమ్మ మాట దాటే ధైర్యం నాన్నకు లేదు, బల్లి మాట దాటే ధైర్యం నాయనమ్మకు లేదు, ఇక బల్లేమో నా చేతిలో ఉంది. సైన్సు చెప్పబోయే మనిషి బల్లి శకునాన్ని నమ్ముకోవడంలోని చోద్యం నాకప్పుడు తట్టనే లేదు.

ఆదివారం అందరూ హాల్లో కూర్చునే వేళకు సరిగ్గా పలకాలని పొద్దున్నుంచీ లోచ్‌లకు తర్ఫీదు ఇచ్చాను. మేత వేయడం, టిక్, మళ్లీ మేత, మళ్లీ టిక్. పది గంటలకు చిన్నాయన నా తరఫున అందుకున్నాడు.

"బిడ్డను తోలుదాం అన్నా. గంట సేపు రైలు, గంతే గద."

నేను మేత వేశాను. చప్పుడు లేదు. తొంగి చూస్తే మూడూ కడుపులు ఉబ్బి పక్కకు ఒరిగి హాయిగా నిద్రపోతున్నాయి. ఇంకో చిటికెడు వేశాను. ఒకటి మీసం కదిపి ఊరుకుంది.

"వద్దు, రోజు గింత దూరం ఏం పోతది. ఇంటిపట్టునే ఉండనియ్యి" అన్నాడు నాన్న.

టిక్ టిక్.

అందరి చూపూ నాయనమ్మ చేతి మీదికి పోయింది. ఆ చెయ్యి నేల దాకా వచ్చి, అక్కడ ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి కొంగు సర్దుకుంది.

"పోనియ్యి బిడ్డను" అంది నాయనమ్మ.

"బల్లి పలికింది గదమ్మా" అన్నాడు నాన్న.

"పలికితె పలకనియ్యి. రైలు సంగతి దానికేమెరుక."

మర్నాడు పొద్దున నాయనమ్మ టిఫిన్ డబ్బా చేతికిస్తుంటే ఉండబట్టలేక అడిగాను, బల్లి మాట ఎందుకు కాదన్నావని.

"గోడ మీదిది పలికితె వింట గని, మనమేసిన మేత తిని పలికేదాని మాట ఎట్ల వింట బిడ్డా? నువ్వు కాలేజీకి పోతె పొద్దంత వాటి తాన కూసున్నది నేనే గద."

"మరి ఇన్నొద్దులు సత్యమంటివి?"

"మంచి మాటకే గద అన్న" అని, గేటు దాకా వచ్చింది.

ఇప్పుడు తాండూరులోనే నా కాపురం, నా బడి. నాయనమ్మ లేదు. మూడు లోచ్‌లలో మిగిలిన ఒక్కటి ముసలిదై ఇప్పుడు ఇక్కడ మా హాల్లో ఉంది. క్లాసులో శకునాలన్నీ వట్టివేనని పిల్లలకు ఢంకా బజాయించి చెప్తాను. నిన్న సాయంత్రం మా బిడ్డ మేత వేస్తూ, "అమ్మా, నేను కూడా నీ లెక్కనే టీచరునైత" అంది. నీళ్లలోంచి టిక్ మంది. చేతిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లున్నాయి. అవి పక్కన పెట్టి, ఎవరూ చూడడం లేదు కదా అనుకుని, నేల మీద మూడుసార్లు తట్టాను.