ఓబులేసు ఇంట్లోని ఊపిరి

దయ్యాలను నేను నమ్మను. మా వంశంలో ఎవరూ నమ్మలేదు. భూములన్నీ పోయిన రోజుల్లో కూడా మేము తాయెత్తు కట్టుకోలేదు, ఎవరి దగ్గరా జాతకం చూపించుకోలేదు. కనుక ఇది భయపడ్డవాడి మాటగా చదవవద్దు.

రాయదుర్గంలో మా అద్దె ఇంటికి ఎదురుగా ఓబులేసు మేడ. అతని తండ్రి మా ఎద్దులు తోలినవాడు. ఓబులేసు ఇప్పుడు జీన్స్ కుట్టించే యూనిట్ నడుపుతున్నాడు. ఒకప్పుడు నన్ను ‘చిన్నదొరా’ అనేవాడు, ఇప్పుడు ‘అన్నా’ అంటాడు.

మా నాయనకు ఉబ్బసం. రెండుసార్లు ఊపిరి పొట్టిగా లాగి, కాసేపు ఆగి, సన్నని ఈలతో వదిలేవాడు. ఆ చప్పుడును నేను ఎప్పుడూ గోడ అవతలి నుంచే విన్నాను. కొడుకు ముందు ఆయాసపడటం మా ఇంటి మగవాళ్లకు నామోషీ. నేను గదిలోకి వెళితే ఆయన ఊపిరి బిగబట్టి, ముఖం నల్లబడేదాకా నిటారుగా కూర్చునేవాడు.

చివరి రెండేళ్లు మా నాయన పగలంతా ఓబులేసు ఇంటి ముందుగదిలోనే గడిపాడు. అక్కడ దగ్గేవాడు, రొప్పేవాడు, నవ్వేవాడు కూడా. పోయిందీ అక్కడే. నేను రోడ్డు దాటేలోపే అయిపోయింది. ఆయన ఆఖరి ఊపిరి ఓబులేసు విన్నాడు.

ఆరు నెలలకు ఓబులేసు ఒక విదేశీ కొండచిలువ పిల్లను తెచ్చి, ఆ గదిలోనే అద్దాల పెట్టెలో పెంచుకున్నాడు. నాగుల చవితి నాడు అతని భార్య దాని నోట్లో సిరంజితో పాలు పోసింది. రెండు రోజులకు అది తల పైకెత్తి, నోరు తెరుచుకుని ఉండటం మొదలుపెట్టింది. ముక్కు దగ్గర బుడగలు.

ఓబులేసు మా గుమ్మంలోకి వచ్చాడు. “అన్నా, నువ్వు సదువుకున్నోడివి. దానికేమైందో రొంత ఫోన్లో సూసి చెప్పు.”

వెళ్లాను. వాకిట్లోనే నా కాళ్లు ఆగిపోయాయి. లోపల రెండు పొట్టి ఊపిర్లు, కాసేపు నిశ్శబ్దం, తర్వాత సన్నని ఈల.

గదిలోకి అడుగుపెట్టగానే అది ఆగింది. పాము ఒళ్లు ఉబ్బించుకుని కదలకుండా ఉంది. బయటికి వస్తే మళ్లీ వినిపించింది. మూడుసార్లు పరీక్షించాను. మూడుసార్లూ అంతే.

ఫోన్లో చదివి ఉన్నది చెప్పాను. పాము ఊపిరికి చప్పుడు ఉండకూడదు. పాలు కడుపులోకి పోక ఊపిరి గొట్టంలోకి పోయి ఉంటాయి.

“ఏమప్పా, ఇంట్లో నాగప్పను పెట్టుకోని, పాలు తీసుకోని పుట్టకాడికి పోవల్లా?” అని అతని భార్య గొణిగింది.

ఓబులేసు దాన్ని బెంగళూరు తీసుకెళ్లి, డాక్టరు చేత తిట్లు తిని, ఇంజెక్షన్లు తెచ్చాడు. అవి వేస్తున్నన్నాళ్లూ ఏదో ఒక సాకుతో రోజూ వెళ్లాను. ఒక్కసారి, నా ముందు, అది ఆ ఊపిరి వదిలితే చాలనుకున్నాను. వదల్లేదు. ఓబులేసు పెట్టె పక్కన కూర్చుంటే మాత్రం ధారాళంగా వచ్చేది. వాకిట్లో నిలబడి వినేవాణ్ణి. ఒక పాము దగ్గర కూడా వాడే నాకంటే ముందున్నాడు.

చివరి పరీక్షకు బెంగళూరు వెళ్లి వచ్చిన సాయంత్రం ఓబులేసు పిలిచాడు. “బాగైపోయిందన్నా. రొమ్ములో చప్పుడే లేదన్నాడు డాక్టరు.”

కాసేపు నన్ను ఒంటరిగా వదలమన్నాను. ఎందుకని అడగలేదు, టీ చెప్పి వస్తానని బయటికి వెళ్లాడు. ఆ ఇంట్లో మొదటిసారి నేల మీద కూర్చున్నాను. “నాయనా, నేనే” అన్నాను. పాము నోరు మూసుకుని, చుట్ట చుట్టుకుని, ఏ చప్పుడూ లేకుండా ఉంది. చాలాసేపు చూసి లేచాను.

గుమ్మంలో ఓబులేసు టీ గ్లాసులతో ఎదురొచ్చాడు. వద్దని చెప్పి మెట్లు దిగాను. అతను లోపలికి వెళ్లాడు. వెనక నుంచి వినిపించింది. రెండు పొట్టి ఊపిర్లు, నిశ్శబ్దం, ఈల.

నయమైన పాములోంచి ఆ శబ్దం ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఓబులేసును ఇంతవరకూ అడగలేదు. ‘నాకేమీ ఇనపడలేదన్నా’ అంటాడని కాదు. ‘నేను రోజూ దాన్ని ఇంటాండా గదన్నా’ అంటాడేమోనని.