ఉప్పేసిన ఐసు

తెల్లవారుజామున నేను రామాలయంలో దీపం పెట్టి బయటికి వచ్చేసరికి బైరాగి వీధి మొదట్లో గొంతుక్కూర్చుని కనిపించేవాడు. పక్కన కొబ్బరి చిప్ప, అందులో రెండు వేళ్ళ మందాన కిరసనాయిలు. కుక్కలు వాటంతటవే అతని దగ్గరకు వచ్చేవి. ఒక్కొక్కదాని చెవులు వెనక్కి మడిచి, మెడ కింద వేళ్ళు పెట్టి వెతికి, గోమార్లను పీకి చిప్పలో వేసేవాడు. కళ్ళలో పుసి ఉంటే తడిగుడ్డతో తుడిచేవాడు. పుండు కనిపిస్తే పసుపూ వేపనూనే కలిపి రాసేవాడు. అలా వీధి ఆ చివరిదాకా వెళ్ళి, సబ్బుతో చేతులు కడుక్కుని, గంగమ్మ తల్లి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుని, అప్పుడు సైకిలు తీసేవాడు.

మాది ఇసకలపేట. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రానికీ కొబ్బరితోటలకీ మధ్య ఉన్న పల్లె. బైరాగి ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ. వయసులో ఉండగా పడవ తగిలి అతని కుడిచెయ్యి విరిగింది. వల లాగే బలం పోయింది. అప్పటినుంచి చేపల పెట్టె సైకిలుకు కట్టుకుని పలాస వెళ్ళి అమ్మేవాడు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఇంట్లో అతనూ ఒక గుడ్డి పిల్లీ మిగిలారు.

పలాస స్టేషను దగ్గర ధర్మారావు గారని, రిటైరైన పశువుల డాక్టరు ఉండేవారు. ఇంటి వరండాలోనే కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసేవారు. బైరాగి రోజూ ఆయనకు చేప ఇచ్చి, కాసేపు ఆగి, బెదిరిన కుక్కలను పట్టుకునేవాడు. అతని చేతుల్లో అవి కదిలేవి కావట. అలా పట్టుకుంటూనే సూది వెయ్యడం నేర్చుకున్నాడు, ఏ వయసు కుక్కపిల్లకు నులిపురుగుల మందు ఎంత పొయ్యాలో నేర్చుకున్నాడు. నేర్చుకున్నది దాచుకోలేదు.

ఒకరోజు నేను మా పిల్లికి చేప పేగులు విసురుతుంటే గోడ మీంచి చూశాడు.

"ఒదినా, పచ్చి పేగులు ఎయ్యకు. పొట్టలో పురుగులు పడతాయి. ఉడకబెట్టి ఎయ్యి."

"మీ అన్నకి ఉడకబెట్టడానికే కట్టెల్నేవు. పిల్లికేటి ఉడకబెడతానురా?"

"అన్నకి పురుగులున్నా పర్నేదు. అతగాడు పిల్లల మూతులు నాకడు కదా!"

ఆ రోజునుంచి ఉడకబెట్టే వేశాను.

తొంభై తొమ్మిది తుపానుకు తోటలు కూలిపోయాక, ఎక్కడెక్కడి కుక్కలో మా ఒడ్డుకు చేరాయి. పడవ ఒడ్డెక్కగానే, తూకం వెయ్యకముందే, గుప్పెడు చిన్న చేపలు ఇసుక మీద వదలడం మా వాళ్ళ ఆచారం. నోరులేని వాటి వాటా అది. ఆ వాటా కోసం వచ్చిన కొత్త కుక్కలు ఇక్కడే ఉండిపోయాయి. పక్క పల్లెలో పిచ్చికుక్క కరిచి ఒక దూడ చచ్చిందని తెలిసినప్పుడు బైరాగికి నిద్ర పట్టలేదు. ధర్మారావు గారి చుట్టూ నెల తిరిగాడు. చివరికి ఆయన ఎక్కడినుంచో పిచ్చికుక్క వ్యాధికి ముందుగా వేసే మందు తెప్పించి, సీసాలు అతని చేతిలో పెట్టారు.

"ఇది చల్లగా ఉండాలి బైరాగీ, ఐసులో పెట్టి తీసుకెళ్ళు. అయినా చేపలవాడివి, ఐసు గురించి నీకు నేను చెప్పాలా!" అని నవ్వారట.

మా వాళ్ళకు ఐసు సంగతి ఒకటే తెలుసు. గట్టిగా ఉంటే మంచిది, కరిగితే చెడ్డది. దూరం వెళ్ళే సరుకైతే ఐసు పొడి కొట్టి, కల్లుప్పు చల్లి కలుపుతారు. అప్పుడు చేప రాయిలా బిగుస్తుంది. బైరాగి కూడా అలాగే ఉప్పు కలిపి, సీసాలను గుడ్డలో చుట్టి మధ్యలో పాతాడు. ఇంటికి రాగానే ఒక సీసా తీసి నాకు చూపించాడు. లోపల మందు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"సూడొదినా, ఇంత ఎండలో కూడా సుక్క కరగనేదు" అన్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

సీసాలను అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించి, బాగా కుదిపి, రెండు రోజుల్లో నలభై ఒక్క కుక్కలకూ పదమూడు పిల్లులకూ సూదులు వేశాడు. వేసినదానికల్లా మెడలో నీలం వలతాడు ముక్క కట్టాడు. పిల్లలకు మొక్కు తాడు కట్టినట్టు అంత జాగ్రత్తగా కట్టాడు. ఊరు ఆ తాడును నమ్మింది. తాడున్న కుక్క పక్కన పసిపిల్లలను పడుకోబెట్టి తల్లులు నీళ్ళకు వెళ్ళేవారు.

మరుసటి యేడు నాగులచవితి వెళ్ళిన మర్నాడు అసిరమ్మను కుక్క కరిచింది.

అసిరమ్మ మా వీధిలోనే ఉండేది. ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్మేది. బైరాగి రక్తసంబంధం కాకపోయినా అతణ్ణి తమ్ముడా అనే పిలిచేది, అతను ఆమెను అప్పా అనేవాడు. వాళ్ళాయన దానయ్య పడవ మీద వెళ్ళేవాడు. ఆమె చేపల పందిరి కింద ఒక గోధుమరంగు కుక్క ఉండేది. పని జరిగేచోట నిలబడి చూడడమే తప్ప ఇంకేమీ చెయ్యదని దానికి మేస్త్రీ అని పేరు పెట్టింది. తను తాగే గంజిలో సగం దానిదే.

ఆ పొద్దున గంజి పోస్తుంటే మేస్త్రీ ఉన్నట్టుండి ఆమె మణికట్టు పట్టుకుంది. కేక విని బైరాగి పరుగెత్తాడు. వెనకే నేనూ వెళ్ళాను.

"ఏటప్పా, ఏటైంది?"

"మేస్త్రీగాడికి కూలి సాల్నేదట. కరిసీనాడు" అని నవ్వింది అసిరమ్మ. చేతినుంచి రక్తం కారుతోంది.

బైరాగి ఆమెను బోరింగు కింద కూర్చోబెట్టి, సబ్బు పెట్టి, చాలాసేపు కడిగాడు. "తోలు ఊడొచ్చీలాగుంది, ఒగ్గీరా బాబూ" అంటున్నా ఆపలేదు. గాయంలో కారం పెట్టాలని ఎవరో అంటే వాళ్ళను కసిరాడు.

దానయ్య మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. "పలాసెల్లి బొడ్డు సుట్టూ సూదులేయించుకుంటే మంచిది కదేటి?" అన్నాడు. ఆ రోజుల్లో వరసగా పద్నాలుగు సూదులు, రోజుకొకటి.

"పద్నాలుగు రోజులు నాను పలాసెల్తే ఈ సేపలు నువ్వు కాత్తావా? కాకులకి పెళ్ళిబోయినం పెట్టీసి కూకుంటావు!" అని అసిరమ్మ మొగుణ్ణి కసిరి, బైరాగి వైపు తిరిగింది. "నువ్వు సెప్పు తమ్ముడా. ఎల్లమంటే ఎల్తాను."

బైరాగి కుక్క వైపు చూశాడు. దాని మెడలో నీలం తాడు ఉంది.

"నా సేత్తో ఏసినానప్పా. బయం నేదు. పది రోజులు కుక్కని సూత్తే సాలు" అన్నాడు.

మూడో రోజు పొద్దునకి మేస్త్రీ కనిపించలేదు. బైరాగి ఆ పూట చేపలు తీసుకెళ్ళలేదు. ఒడ్డు వెంబడి అటు రెండు పల్లెలు, ఇటు రెండు పల్లెలు తిరిగాడు. సరుగుడు తోటల్లో పిలిచాడు. కుక్కలు చేపల జాడ పట్టుకుని దూరం పోవడం మామూలే అని అందరూ అన్నారు. సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుంటుంటే నేను గోడ దగ్గరకు వెళ్ళాను.

"ఎందుకైనా మంచిది, అసిరమ్మని పలాస తీసుకెళ్ళకూడదా బైరాగీ?"

కడిగిన కాళ్ళనే మళ్ళీ కడిగాడు. తర్వాత, "మందు సెడిపోతే కదా ఒదినా బయం. ఐసు నాకు తెల్దేటి?" అన్నాడు.

నేను మళ్ళీ అడగలేదు. ఆ ఒక్కసారి ఊరుకున్నందుకు ఇప్పటికీ దీపం పెట్టిన ప్రతిసారీ రాముడికి చెప్పుకుంటాను.

రెండు నెలలు గడిచాయి. చేతి గాయం మాని మచ్చ పడింది. పుష్యమాసంలో ఒక పొద్దున అసిరమ్మ ఆ మచ్చ దగ్గర చీమలు పాకినట్టుందని అంది. మర్నాడు మంచినీళ్ళు గొంతు దిగలేదు. చెంబు చూస్తేనే మెడ బిగుసుకుపోయింది. దానయ్య ఆటోలో పలాస తీసుకెళ్ళాడు. వాళ్ళు విశాఖ పంపారు. విశాఖలో చూసి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

బైరాగి ధర్మారావు గారి దగ్గరకు పరుగెత్తాడు. అక్కడ జరిగింది అతను తర్వాత నాకు చెప్పాడు.

"మందు ఎలా తీసుకెళ్ళావు?" అని అడిగారట డాక్టరు గారు.

"మంచి ఐసు బాబూ. ఉప్పేసి కలిపినాను. రాయిలాగ గడ్డకట్టీసినాది."

ఆయన కళ్ళజోడు తీసేశారట. "గడ్డకట్టిందా? ఆ మందు చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు బైరాగీ. గడ్డకడితే చచ్చిపోతుంది. తర్వాత అది వేసినా నీళ్ళు వేసినా ఒకటే." తర్వాత, "నీకు ఆ మాట చెప్పాల్సింది నేను" అన్నారట. ఇంకో మాట కూడా అన్నారు. సూది వేసిన కుక్క కరిచినా సరే, మనిషి సూదులు వేయించుకోవాల్సిందేనని.

బైరాగి తిరిగి వచ్చేసరికి అసిరమ్మను చీకటిగదిలో పడుకోబెట్టారు. గాలి తగిలినా ఒళ్ళు ఎగిరిపడుతోంది. భయంతో ఎవరూ లోపలికి వెళ్ళడం లేదు. దానయ్య మాత్రం ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. బైరాగి వెళ్ళి రెండో పక్కన కూర్చున్నాడు. మధ్యలో కాసేపు ఆమెకు తెలివి వచ్చింది.

"సూదేసినావు కదా తమ్ముడా, మరేటిలగయ్యింది?"

"నా మందు సెడిపోనాదప్పా. నానే సెడగొట్టీసినాను. నాకు తెల్దు."

ఆమె తలుపు వైపు తల తిప్పింది. "మరి మిగతా కుక్కలో? ఆటి పక్కన పిల్లలు తొంగుంటారు కదరా" అంది.

మర్నాడు మధ్యాహ్నం ప్రాణం పోయింది.

ఆమె చివరగా అడిగిన మాట బైరాగిని నిలబడనివ్వలేదు. నోరు విప్పితే ఊరు కుక్కలను బతకనివ్వదని అతనికి తెలుసు. విప్పకపోతే నీలం తాడు చూసి ఇంకో తల్లి మోసపోతుంది. పదకొండో రోజు కర్మకు అందరూ రామాలయం అరుగు మీద కూడినప్పుడు లేచి నిలబడ్డాడు.

"నాను కట్టిన తాడు నమ్మకండి. ఆ సూదుల్లో మందు నేదు. మళ్ళీ మందు తెప్పించి ఎయ్యాల. ఒక్క నెల ఆగండి, డాక్టరు గారిని ఊళ్ళోకే తెత్తాను."

"నువ్వు తెచ్చిందే సాల్లే!" అన్నాడు ఒకడు. నెల ఎవరూ ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఉచ్చులూ తెడ్లూ పట్టుకుని మగవాళ్ళు బయలుదేరారు. మొదటి ఉచ్చు దానయ్యే పట్టాడు. దెబ్బలు తగిలిన కుక్కలు పారిపోయి ఎక్కడికి వెళ్తాయి? బైరాగి అరుగు మీదకే వచ్చాయి. అతను తలుపు తీసే ఉంచాడు. వాళ్ళు లోపలికి వచ్చి, మంచం కింద నుంచి ఒక్కొక్కదాన్నీ ఈడ్చుకుపోయారు. అతను అడ్డుపడలేదు. రెండు రోజుల్లో వీధి ఖాళీ అయింది. పిల్లులు నాలుగో అయిదో తాటాకు కప్పుల్లో దాక్కుని మిగిలాయి.

ఆ తర్వాత కూడా పొద్దున్నే అతనికి మెలకువ వచ్చేది. అరుగు మీద కూర్చుని వీధి వైపు చూసేవాడు. రెండేళ్ళు తిరక్కుండా కాళ్ళు వాచాయి. మా ప్రాంతంలో ఆ వాపు అంటే ఏమిటో చంటిపిల్లలకు కూడా తెలుసు. కిడ్నీలు పోయాయన్నారు. నీళ్ళు కొలిచి తాగమన్నారు.

విశాఖ ఆసుపత్రికి బయలుదేరే రోజుల్లో ఒక సంగతి చూశాను. అసిరమ్మ పోయినప్పటినుంచి దానయ్య బైరాగితో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ పొద్దుల్లో సైకిలు తెచ్చి గుమ్మం ముందు ఆపేవాడు. బైరాగిని వెనక కూర్చోబెట్టి బస్సు దాకా నడిపించుకెళ్ళి, చంకల కింద చేతులు వేసి ఎత్తి సీట్లో కూర్చోబెట్టేవాడు. మాట లేదు, చూపు లేదు. బస్సు కదిలేదాకా మాత్రం నిలబడేవాడు.

రెండు వేల నాలుగు వేసవిలో ఇక విశాఖ వెళ్ళడం కూడా మానేశాడు. వెళ్ళినా ప్రయోజనం లేదని వాళ్ళే చెప్పేశారు. అదే నెలలో ఎక్కడినుంచో ఒక ఆడకుక్క వచ్చి అతని పెరట్లో కొబ్బరిమట్టల కింద అయిదు పిల్లలను పెట్టింది. ఊళ్ళో తెలిస్తే ఉంచరని నేను ఎవరికీ చెప్పలేదు. వాటిలో రెండు వారానికే చచ్చిపోయాయి. బైరాగికి మాత్రం చెప్పలేదు. మంచం మీంచి అతనికి వాటి అరుపులు వినిపిస్తే చాలు, కాసేపు నిద్రపోయేవాడు.

ఒక సాయంత్రం నన్ను పిలిచి, దానయ్యను తీసుకురమ్మన్నాడు. వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, తలుపుచెక్క పట్టుకుని, నేల వైపు చూస్తున్నాడు. పెరట్లో కుక్కపిల్ల ఒకటి కుయ్యిమంది. దానయ్య దవడ బిగుసుకుంది.

బైరాగి లేవబోయి లేవలేకపోయాడు. నేను వీపు వెనక దిండు పెట్టాను.

"దానయ్య బావా, ఇన్నాళ్ళూ నిన్నేటీ అడగనేదు. అడిగీ మొకం కూడా నాకు నేదు. పెరట్లో అయిదు పిల్లలున్నాయి. ఆటికి మూడు నెలలు నిండేక గంపలో ఎట్టుకుని పలాస తీసుకెల్లి సూదులేయించు బావా. మందు మాత్రం ఊళ్ళోకి తేకు. ఎంత మంచి ఐసు దొరికినా తేకు. కుక్కల్నే మందు కాడికి తీసుకెల్లు."