ఉప్పు తక్కువైందని చెప్పెటోడు

మా మేనత్త పోయిన నెల కాలం చేసింది. పొద్దుగాల ఆమె పెద్ద కోడలు గోడ మీదికెల్లి పిలిచి, "వదినె, అత్తమ్మ లేస్తలేదు, ఒకసారి రా" అంటె ఉరికిపోయిన. నిద్రలనే పోయింది. మెత్త కింద టీవీ రిమోటు ఉండె. ముసలామె, షుగరు మనిషి, పోవుడు వింత కాదు. నేను గూడ పెద్దగ ఏడ్వలే. గని పొద్దుమీకినంక గోడవతల టీవీ మోగకపోయేసరికి, ఇల్లు నాది కానట్టే అనిపించింది.

మాది మహారాష్ట్రల కోర్పనా దిక్కు పత్తి పండే ఊరు. బడి, సర్కారు కచేరి అంత మరాఠీ, ఇంట్ల తెలుగు. అత్తకు చదువు దేంట్లనూ రాదు, మాట రెండిట్లనూ వచ్చు. అందుకె ఆమె టీవీ గూడ రెండు తీర్ల నడిచేది. రాజకీయాలు మరాఠీ చానెల్ల, వంటలు తెలుగు చానెల్ల. ఒకదాంట్ల అడ్వర్టైజుమెంటు రాంగనే రెండోదానికి దుంకేది. నేను ఆ ఊరికే కోడలినై వచ్చిన, పక్క ఇల్లే. రోజు పోయి ఆమె పక్కన కూసునేది.

వంటల పోటీల జడ్జి చిటికెడంత నోట్లె పెట్టుకొని కండ్లు మూసుకుంటె, "కండ్లు మూసిండు గని ఇంకింత పెట్టుమని అడిగిండా?" అనేది. ఎలక్షన్లప్పుడు ఓట్ల లెక్క కాకముందే ఫలానోడు గెలుస్తడని టీవీలోళ్లు అరుస్తుంటె, "పొయ్యి ముట్టియ్యకముందే అన్నం ఉడికిందట" అని రిమోటు నొక్కేది. ఆమెకు రెండు చానెళ్లు ఒక్కటే దుకాణం.

ఆ ఇంట్ల ఒక రివాజు ఉండె. అత్త వండుకుంట రుచి చూడకపోయేది. దేవునికి పెట్టకముందు ఎంగిలి అయితదని. ఉప్పు చేతి అందాజే. అందుకని మొదటి ముద్ద తిన్నోళ్లు ఉప్పు సంగతి చెప్పాలె. చిన్నప్పటిసంది ఆమె పెద్దకొడుకు, మా పెద్ద బావ, తిని చెప్పెటోడు, చిన్నకొడుకు చిన్న బావ లేచి ఉప్పు డబ్బ తెచ్చెటోడు. "తక్కువైందని మొఖం మీద చెప్పెటోడే మనోడు. బాగున్నదనెటోడు సుట్టం" అనేది అత్త. ఊకె బాగున్నదన్నోళ్లకు రెండోసారి వడ్డించుడు గూడ మరిచిపోయినట్టు చేసేది, మహా గడుసుది.

గట్ల ఉన్న ఇంట్లకు గ్రామపంచాయతీ ఎలక్షన్ వచ్చింది. చిన్న బావ ఒక ప్యానెల్ల, అంటె ఒక జట్టు దిక్కు, నిలబడ్డడు. ఆ ప్యానెల్ పెద్దమనిషి ఒకనాడు మందిని ఎంబడేసుకొని ఇంటికొచ్చిండు. అత్త జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఆగమాగంల కూరల ఉప్పే ఎయ్యలే. ఆయన వేళ్లు నాక్కుంట, మరాఠీల పిన్ని వరుస కలిపి, మస్తున్నది మావ్‌శీ, ఇసొంటి కూర యాడ తినలే అన్నడు. వాళ్లు పోయినంక అత్త తిని చూసి చిన్నకొడుకును పిలిచింది.

"కొడుకా, ఉప్పులేని కూర బాగున్నదన్నోడు, బోరింగు ఎండిపోయిందన్నా బాగనే ఉన్నదంటడు. ఈని ఎంబడి పోకు."

చిన్న బావ ఇనలే. తల్లి ఇంట్ల చెప్పిన మాటనే పెద్ద బావ చావడి కాడ నలుగురిల చెప్పిండు. చిన్న బావ కొద్దిల ఓడిపోయిండు. అన్నే ముంచిండని ఆయన కోపం. తల్లి మీద గూడ అనుమానమే. నువ్వు ఓటెవరికేసినవే అని అడిగితె, "నీకే ఏసిన్నంటె నమ్మవు, ఎయ్యలేదంటె తినవు. మరెందుకడుగుతవు?" అన్నది. ఇప్పటికీ ఎవరికీ తెల్వది.

పొయ్యిలు రెండైనయి. వాకిలి ఒక్కటే, అన్నదమ్ములు ఎదురుపడితె ఒకరు ఆకాశం చూసుడు, ఒకరు చెప్పులు చూసుడు. అత్త పొద్దున ఒక కోడలి దగ్గర, సాయంత్రం ఇంకో కోడలి దగ్గర తినేది. కోడళ్లు మంచోళ్లే. గని ఒకరి కూరకు వంక పెడితె రెండో ఇంటి దిక్కు ఒరిగిందంటరని, రెండు దిక్కుల బాగున్నదనే చెప్పేది. ఒకనాడు నాతోని, "సుట్టమైపోయిన్నే పిల్లా" అన్నది. ఆ మాట నాకు ఇంక గుచ్చుతనే ఉన్నది.

తర్వాత పెద్ద ఎలక్షన్లు వచ్చినయి. టీవీల, మొన్నటిదాక తిట్టుకున్న ఇద్దరు లీడర్లు పొత్తు కుదిరిందని ఒకరి నోట్లె ఒకరు పేడా మిఠాయి పెట్టుకుంటుండ్రు. అత్త నవ్వలే. "గీళ్లకు గంత తొందరగ అయితది. మా పోరగాండ్లకు ఏమైంది? నేనుండంగ ఒక్క బంతిల కూసుండి తింటె సాలు" అన్నది. ఆమె ఉండంగ అది కాలే.

దినాలనాడు కోడళ్లిద్దరు కలిసి వండిండ్రు. అత్త రివాజే, ఎవ్వరు రుచి చూడలే. ముందుగాల ఆమెకు పెట్టి, తర్వాత అందరికి వడ్డించిండ్రు. కర్మ చేసిన కొడుకులు గనుక బావలిద్దరిని పక్కపక్కనే కూసోబెట్టిండ్రు. వాళ్లు ఇస్తారి మీదికెల్లి తల ఎత్తలే. ఎదురు బంతిల ప్యానెల్ పెద్దమనిషి గూడ ఉండె. పుంటికూర నోట్లె పెట్టుకొని, మస్తున్నది అన్నడు. పక్కోళ్లు అవునవునన్నరు. నేను వడ్డించుకుంట నిలబడిపోయిన.

పెద్ద బావ ఒక ముద్ద తిన్నడు. నమిలిండు. చేయి ఆగింది. తల వంచుకొనే, ఎవ్వరి దిక్కు చూడకుంట, "ఉప్పు తక్కువైందిరా" అన్నడు.

చిన్న బావ లేచి లోపలికి పోయిండు. అలిగి పోయిండనుకున్న. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, అన్ని దినాలు రానిది. కొంగు అడ్డం పెట్టుకొని చూస్తున్న. చిన్న బావ అత్త ఉప్పు డబ్బ ఎడమచేత పట్టుకొని వచ్చిండు, మూత తీసి ఇద్దరి ఇస్తార్ల నడుమ పెట్టి, మళ్ల అన్న పక్కనే కూసున్నడు.