మూడో డాక్టరు దగ్గర

మా వైపు ఎవరైనా "ఎలా ఉన్నారండీ?" అని అడిగితే పాడె మీదున్నవాడు కూడా లేచి "బాగున్నానండీ" అంటాడు. పెంటపాడులో పుట్టి తాడేపల్లిగూడెంలో కాపురమున్న నేనూ అంటాను. కానీ ఆ ముక్క మా ఆయన బతుకు మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆయన సరుకు ఓడల్లో డెక్ మీద పనిచేసేవారు. ఒకసారి రేవులో ఓడను కట్టే తాడు తెగి కుడి భుజానికి కొట్టింది. కంపెనీవాళ్ళే ముంబైలో ఆపరేషన్ చేయించారు. కొన్ని నెలలయ్యాక వాళ్ళ డాక్టరు ఎలా ఉందని అడిగితే, ఈయనగారు బాగానే ఉందన్నారట! "అంత పెద్దాయన అడిగితే బాలేదని ఎలా అంటానే?" అన్నారు ఇంటికొచ్చాక. ఆ డాక్టరు ఆ మాటే పట్టుకుని, నొప్పి లేదని రోగే చెప్పాడు, పనిలోకి వెళ్ళొచ్చు అని రాసి పారేశాడు.

వెనకటికెవరో మొహమాటానికి పోతే కడుపొచ్చిందట. ఆ కాగితం పట్టుకుని వేరే ఓడ ఎక్కబోతే, ఈ భుజంతో నిచ్చెనలు ఎక్కలేవు పొమ్మన్నారు. పరిహారం అడిగితే పాత కంపెనీవాళ్ళు, పనికొస్తాడని రాసుంది కదా అన్నారు. అటు ఉద్యోగమూ లేదు, ఇటు పరిహారమూ లేదు. గూడెంలో మా డాక్టరేమో ఈ చెయ్యి ఇక ఓడ పనికి పనికిరాదని రాసిచ్చాడు. డాక్టర్లిద్దరి మాటా కలవకపోతే రెండు వైపులా ఒప్పుకున్న మూడో డాక్టరు ఏం రాస్తే అదే ఖాయమట. ఆ మూడో ఆయన ఏలూరులో ఉన్నాడు.

పొద్దున్నే పాసింజరెక్కాం. "ఈసారైనా నిజం చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. "చెప్తాన్లేవే" అన్నారు. భీమడోలు దాటాక మా వీధిలో బియ్యం కొట్టాయన కనపడి, "చెయ్యి ఎలా ఉందండీ?" అని పలకరించాడు.

"ఆయ్, బాగానే ఉందండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టెలో నలుగురూ ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా, "బాగుంటే వచ్చే స్టేషన్లో దిగి ఇంటికి పోదాం పదండి!" అని అరిచాను. ఆయన ఏలూరు దాకా కిటికీ వైపు తిరిగి చేపల చెరువులు చూస్తూ కూచున్నారు.

డాక్టరు గదిలో కంపెనీ తరఫు మనిషొకడు ఫైలు పెట్టుకుని మాకంటే ముందే కూచున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు కూడాను. ఆ నవ్వుకి చెంప పగలగొడదామనిపించింది. "మీరు మధ్యలో మాట్లాడకూడదమ్మా. ఆయన్నే చెప్పనివ్వండి" అన్నాడు డాక్టరు. సరేనని నోరు కుట్టేసుకున్నాను.

"భుజం ఎలా ఉందండీ?"

"బాగానే ఉందండీ."

కంపెనీ మనిషి గబగబా ఏదో రాసుకున్నాడు. డాక్టరు మాత్రం ఏమీ రాయలేదు. మా ఆయన్ని గోడ మీది అద్దం ముందు నిలబెట్టి, చేతికి దువ్వెన ఇచ్చి, కుడిచేత్తో దువ్వుకోమన్నాడు. ఆయన తలనే దువ్వెన దగ్గరికి వంచి చకచకా దువ్వేశారు. ఇంట్లో రోజూ నా ఎదురుగానే అలా దువ్వుకుంటున్నారు. ఒక్కనాడూ నాకు తట్టలేదు.

"ఇప్పుడు తల వంచకుండా దువ్వుకోండి" అన్నాడు డాక్టరు.

చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. పళ్ళు బిగించి ఇంకా ఎత్తబోయారు. చెయ్యంతా వణికింది, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుందామనిపించి, కుర్చీని గట్టిగా పట్టుకున్నాను.

"రావట్లేదండీ" అన్నారు చివరికి.

"ఎప్పటినుంచి?"

"దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ అంతేనండీ. నొప్పికి నిద్ర కూడా పట్టదండీ."

ఆ తరవాత ఇంకా ఏవేవో పరీక్షలు చేసి, పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ చూసి, డాక్టరు రాసింది అందరి ముందూ చదివాడు. ఓడ పనికి శాశ్వతంగా పనికిరాడు. కంపెనీ మనిషి ఫైలు మూసుకుని వెళ్ళిపోయాడు. అమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది. బయటికి రాగానే నోరూరుకోక, "ఈ ముక్కేదో ముంబైలోనే చెప్పి ఏడిస్తే మనకిన్ని తిప్పలుండేవా?" అని దెప్పాను.

ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డారు.

"అక్కడ బాగుందని మొహమాటపడి అన్లేదే" అన్నారు. "బాలేదంటే మళ్ళీ ఓడ ఎక్కనివ్వరని అలా అన్నాను. పోనుపోను చెయ్యి అదే లేస్తుందనుకున్నాను."

"మరి నాకైనా చెప్పాలి కదండీ?"

"నీకు చెబితే, పీడా పోయింది, ఇంక సముద్రం మానెయ్యండి అంటావని."

నిజమే. అనేదాన్ని.